ముప్ఫై అంగల బాట, ఒక చీపురు

థాయిలాండ్ ఈశాన్యాన ఉబోన్ రాచథాని దగ్గర బౌద్ధ భిక్షువు అజాన్ చా 1954లో వాట్ పా పోంగ్ అనే అడవి విహారం పెట్టారు. విదేశీ శిష్యుల కోసం 1975లో దాని శాఖ వాట్ పా ననాచాట్ మొదలైంది. ఇలాంటి చోటికి ధ్యానానికి వెళ్లేవాళ్లు ఎన్ని గంటలు కూర్చోగలమా అని లెక్కలు వేసుకుంటారు. ముందు నేర్చుకోవలసింది నడవడం, ఊడవడం.

నడుస్తూ ధ్యానం చేయడానికి కుటీరం పక్కనే మట్టి బాట ఒకటి ఉంటుంది. ఈ అటూ ఇటూ నడకకు మన మాట చంక్రమణమే థాయి నోట చోంగ్‌క్రోమ్ అయింది. బాట పొడవు 20 నుంచి 30 అంగలు చాలు. మరీ పొట్టిదైతే మాటిమాటికీ మళ్లి తల తిరుగుతుంది. మరీ పొడవైతే మనసు సగం దారిలోనే ఎటో పోతుంది, పోయిన సంగతి కూడా తెలియదు. చేతులు ముందు కట్టుకుని, చూపు రెండు మూడు గజాల అవతల నేలమీద పెట్టి, మామూలుగా నడవాలి. చివర ఆగాలి. అసలు పట్టు అక్కడే ఉంది: నిలబడి, మనసు ఎక్కడుందో చూసుకుని, అప్పుడు మళ్లాలి. కొత్తవాళ్లు ఆగకుండా గిర్రున తిరిగేస్తారు, కాసేపటికే అది ఉదయపు వాకింగ్ అయిపోతుంది. రోజుకు ఒక్కపూట, అదీ పొద్దున్నే భోజనం. తెల్లవారుజాము 3 గంటలకే లేచిన ఒళ్లు తిన్నాక కూర్చుంటే కునికిపాట్లు ఖాయం. ఆ వేళకు నడకే మందు.

మధ్యాహ్నం పూట అందరూ చీపుళ్లు పడతారు. పొడుగు కర్ర చీపురును నడుముతో కలిపి పక్కలకు ఊపాలి, చేతులతోనే లాగితే భుజాలు పట్టేస్తాయి. గాలికి ఎదురు ఊడిస్తే ఆకు మళ్లీ కాళ్ల కిందికే వస్తుంది. పోగును కుటీరం స్తంభాలకు ఆనించి వదలకండి, చెదలు ఎక్కుతాయి. ఇది శుభ్రత కోసమే అనుకోకూడదు. చీకట్లో టార్చి వెలుగుకు పాము, తేలు కనబడాలంటే నేల బోసిగా ఉండాలి. ఎండాకాలం నిప్పు పాకకుండా ఆపేదీ ఈ ఊడ్చిన దారే.

ఎండుటాకు భిక్షువు ఊడవవచ్చు. పచ్చిగడ్డి పోచ పీకకూడదు, నేల తవ్వకూడదు. భిక్షువుల నియమావళిని 'వినయం' అంటారు, అందులో రెండూ పాచిత్తియ దోషాలు, అంటే తోటి భిక్షువు దగ్గర ఒప్పుకోవలసిన తప్పులు. 'తవ్వు' అని పురమాయించనూ కూడదు. "ఇక్కడ నీళ్లు నిలుస్తున్నాయి" అని మాత్రం అంటారు. ఆ మాట పట్టుకుని పార తీయవలసింది తెల్లబట్టలు కట్టి అష్టశీలాలు, అంటే ఎనిమిది నియమాలు, పాటిస్తున్న అతిథే. గుంతలో మట్టి నింపి, బాట నడుమ కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా సర్ది, ఉత్తకాళ్లతో తొక్కాలి. గులకరాళ్లు చేత్తో ఏరేయండి, సాయంత్రం ఆ బాటమీద చెప్పుల్లేకుండా నడుస్తారు.