నేవీ సార్

మన బడిలో నేవీ సార్ అంటే ఒక్కరే, పేరు చెప్పనక్కర్లేదు. ఇక్కడే చదువుకుని నేవీలో చేరారు. జామ్‌నగర్‌లోని నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ వల్సురాలో ఎలక్ట్రికల్ ట్రెయినింగ్, కొన్నేళ్లు ఓడల మీద, ఆ తర్వాత కొచ్చిలోని పరిశోధనశాల ఎన్‌పీఓఎల్. రిటైరయ్యాక నల్లగొండకే వచ్చేసి శనివారాలు మాకు ఫిజిక్స్ చెప్పారు. పైసా తీసుకోలేదు.

యుద్ధం కబుర్లు చెప్పమని ఎంత బతిమాలినా చెప్పేవారు కాదు, ఒక్క మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ సంగతి తప్ప. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ తీరానికి దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాన్ని టార్పెడోతో ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా సహా 194 మంది పోయారు. నీళ్ల కింద పొంచి ఉన్న హంగోర్‌ను మన సోనార్, అంటే నీళ్లలో ఉన్నవాటిని శబ్దంతో కనిపెట్టే పరికరం, సకాలంలో పట్టుకోలేకపోయింది. ఆ మాట చెప్పేటప్పుడు సార్ గొంతు మారిపోయేది. తర్వాతి ఏళ్లలో కమాండర్ ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ నాయకత్వంలో కొచ్చిలో తయారైన అప్సో సోనార్ పనిలో సార్ కూడా ఉన్నారు. అందులో తన వంతు ఎంతో ఎప్పుడూ చెప్పుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం మరింత పెరిగింది అక్కడే.

ఓసారి మమ్మల్ని పానగల్లు ఉదయసముద్రం చెరువుకు తీసుకెళ్లారు. ఒకడు నీళ్లలో చేతులు ముంచి రెండు రాళ్లు కొట్టాలి, మేం దూరంగా మెడలోతు నీళ్లలో నిలబడి తల ముంచాలి. టక్! చెవి పక్కనే కొట్టినట్టు వినపడింది. "ఇనపడ్డదా బిడ్డా? గాలిలో సెకనుకు 340 మీటర్లు, నీళ్లల్ల సుమారు 1,500," అన్నారు. తర్వాత బిరడా పెట్టిన సీసాకు రెండు తాళ్లు కట్టి లోతుకు దింపారు. ఒక తాడు లాగితే బిరడా ఊడి అడుగున ఉన్న నీళ్లు నిండుతాయి. పైకి తీసి థర్మామీటర్ పెడితే పై నీళ్ల కన్నా చల్లగా ఉన్నాయి. సముద్రంలోనూ మధ్యాహ్నం ఎండకు పై నీళ్లు వేడెక్కితే శబ్దం కింద చల్లని నీళ్ల వైపు వంగిపోతుందట. అప్పుడు సోనార్ శబ్దం చేరని చోటు ఒకటి మిగులుతుంది.

తిరిగొస్తూ ఛాయా సోమేశ్వరాలయంలో ఆగాం. గర్భగుడిలో రోజంతా కదలని స్తంభం నీడ చూపించి, "శబ్దానికి కూడా నీడ పడ్తది. జలాంతర్గామి ఆ నీడల్నే దాక్కుంటది," అన్నారు. సోనార్ గురించి తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంతకంటే బాగా అర్థం కాలేదు.

పోయిన వానాకాలం సార్ కాలం చేశారు. శనివారం క్లాసులు మళ్లీ మొదలుపెడతామంటే హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఫిజిక్స్, లెక్కలు చెప్పగలిగినవాళ్లు నెలకో శనివారం ఇస్తే చాలు. సార్ సీసా, థర్మామీటర్ ల్యాబ్ బీరువాలోనే ఉన్నాయి.