టికెట్ కొని మరీ పారిపోయా

రెండేళ్లుగా అన్నయ్యతో మాటల్లేవు, ఊళ్ళో ఇల్లు అమ్మిన డబ్బుల దగ్గర గొడవ, తప్పు నాదేనని తెలుసు. ప్రార్థనలో కూర్చుంటే ఆ పేరే గుర్తొచ్చేది, గబుక్కున ఆమెన్ అనేసి లేచిపోయేదాన్ని (నవ్వకండి). ఈరోజు పొద్దున లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ ట్రైన్ ఎక్కి ఫోన్‌లో బైబిల్లోని యోనా ప్రవక్త కథ చదువుతున్నా, దేవుడు నీనెవె పట్టణానికి పొమ్మంటే ఈయన అటు కాకుండా తర్షీషుకి డబ్బులు కట్టి మరీ ఓడెక్కాడు, అచ్చం నేనే. సముద్రంలో పడి 3 రోజులు పెద్ద చేప కడుపులో ఉన్నాక దేవుడు మళ్ళీ అదే మాట రెండోసారి చెప్పాడు. ఆ "రెండోసారి" అనే మాట దగ్గరే ఆగిపోయా, బేగంపేటలో దిగాల్సినదాన్ని సికింద్రాబాద్ దాకా వెళ్ళిపోయా. ఈ రెండేళ్ళలో పాపకి డెంగ్యూ వస్తే దేవుడు కాపాడాడు, ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అవ్వలేదు, మొహం తిప్పుకుంది నేనే. ప్లాట్‌ఫాం మీద నిలబడే అన్నయ్యకి ఫోన్ చేశా. మూడు రింగులకి ఎత్తి "టిఫిన్ తిన్నావామ్మా?" అన్నాడు.