మా పెంకుటింటి దోనెలు: ఐదు వేలలో బాగుచేసుకున్న లెక్క

మే 12

మా వంటింటి తూర్పు మూల మూడేళ్ళుగా కారుతోంది. వాన మొదలైతే అమ్మ ముందు బియ్యం డబ్బా పక్కకి జరిపి, ఆ చోట ఇత్తడి గిన్నె పెడుతుంది. గోడ మట్టిది, పైన సున్నం. ఆ మూల సున్నం పెచ్చులూడిపోయింది. లోపలి మట్టిని వేలితో నొక్కితే దిగుతోంది. ఈ వానాకాలం కూడా ఇలాగే వదిలేస్తే గోడే జారిపోతుందని నా భయం.

ఇల్లు కోనసీమలో. తాతగారు కట్టించిన బెంగుళూరు పెంకుటిల్లు, తాటి వాసాలు. పెద్దింటి కప్పు, వంటింటి కప్పు ఎదురెదురుగా వాలి కలిసేచోట 14 అడుగుల రేకు దోనె ఉంది. దీన్ని లోపలి దోనె అంటాను. వసారా చూరు కింద 24 అడుగుల రేకు దోనె ఇంకొకటి. దానికి అడుగు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. చూరు నీళ్ళు నేరుగా పునాది పక్కన పడి జానెడు లోతు గుంట చేశాయి.

చేతిలో ఉన్నవి 5,000 రూపాయలు. చూరు దోనె ఒక్కటే రెడీమేడ్‌ది బిగించడానికి అడిగితే 14,000 అన్నారు. మృగశిర లోపు పని అయిపోవాలి.

మే 14

ఏదీ కొనకముందు కారేది ఎక్కడో తేల్చుకోవాలనుకున్నాను. ఇప్పటిదాకా చుక్క పడే చోటికి సరిగ్గా పైన ఏదో ఒకటి పూస్తూ వచ్చాం. ఒక ఏడాది తారు, ఒక ఏడాది సిమెంటు పాలు, పోయినేడు రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ. ఒక్కటీ రెండు వానలు ఆగలేదు.

బకెట్టు నీళ్ళలో రెండు చెంచాల పసుపు కలిపాను. నిచ్చెన మీద నేను, కింద వంటింట్లో టార్చిలైటుతో అమ్మ. ముందు దోనె దిగువ చివర ఒక చెంబు పోశాను. ఏమీ లేదు. రెండడుగులు పైకి జరిగి ఇంకో చెంబు. ఏమీ లేదు. ఇలా కింది నుంచి పైకే పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు దారిలో ఉన్న చిల్లులన్నిట్లోనూ దిగి, ఏది ఏదో తెలియదు. నాలుగో చెంబుకి, అంటే దోనె మధ్యలో అతుకు ఉన్నచోట పోసిన నిమిషానికి, అమ్మ "వచ్చింది, వచ్చింది" అని కేకేసింది.

కిందికి దిగి చూస్తే పచ్చటి చార. అతుకు కింద వాసానికి పుట్టి, ఆ వాసం అడుగునే పాకుతూ ఐదడుగులు పోయి, గోడకి తగిలాక చుక్కై పడుతోంది. మూడేళ్ళు మేం మందు రాసిన చోటుకీ, చిల్లుకీ మధ్య ఐదడుగుల దూరం ఉంది.

మే 18

పెంకులు నేసే బాబాయ్ వచ్చాడు. కూలి మొత్తం 900. పెంకు మీద తిరగడం మాత్రం అలవాటున్న మనిషే చెయ్యాలి, అక్కడ డబ్బు మిగుల్చుకోకూడదు. ఆయన పెంకు మీద నేరుగా కాలు పెట్టడు. వాసం ఎక్కడుందో చూసుకుని దాని మీదికి వచ్చేలా పలక వేసి, పలక మీదే కూర్చుంటాడు. దోనెకి రెండు పక్కలా రెండేసి వరుసల పెంకులు విప్పి, వరుస తప్పకుండా గోడకి చేరేశాం. చేతికి తొడుగులు వేసుకోమన్నాడు. ఐదో పెంకు కింద తేలు ఉంది.

రేకు బయటపడ్డాక అసలు సంగతి తెలిసింది. దోనె రెండు ముక్కలు. ఎగువ రేకు కొస దిగువ రేకు మీద ఉండాలి, పెంకు మీద పెంకు ఉన్నట్టు. మాది తిరగేసి ఉంది. దిగువ రేకు కొస పైన, ఎగువ రేకు దాని కింద. వచ్చే నీళ్ళన్నీ ఆ సందులోకే పోతాయి. పైగా మేం పూసిన తారు, సిమెంటు, ఎపాక్సీ కలిసి అక్కడ అంగుళం ఎత్తు గట్టు కట్టాయి. గట్టు వెనక నీళ్ళు నిలిచి, ఆకులు కుళ్ళి, రేకు ఎగువ వైపు రెండడుగుల మేర జల్లెడైపోయింది. బాబాయ్ దాన్ని సుత్తి కొసతో తట్టి, "ఇది అతుకు కాదబ్బాయ్, ఆనకట్ట. నువ్వు ఎంత పూస్తే అంత నీళ్ళు ఆపావు" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు మనసు చివుక్కుమంది. ప్రతి ఏడూ జాగ్రత్త అనుకుంటూ చేసిన పనే చిల్లుని పెద్దది చేసింది.

ఇంకో లోపం కూడా చూపించాడు. పాత రేకు వెడల్పు 16 అంగుళాలే. పెంకులు దాని మీదికి మూడు అంగుళాలు కూడా రావట్లేదు. ఈదురుగాలి వానకి నీళ్ళు పక్కనుంచి ఎగదన్నడం ఖాయం.

మే 21

జి.ఐ. రేకు, అంటే జింకు పూత వేసిన ఇనుప రేకు, కొన్నాను. 8 అడుగులు 4 అడుగుల రేకు ఒకటి, 24 గేజి, 1,250 రూపాయలు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. 24 అంటే అర మిల్లీమీటరు పైచిలుకు మందం. కొట్లో 28 గేజి చవగ్గా చూపించారు కానీ దాన్ని బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. ఈ సముద్రపు గాలికి అది ఎన్నాళ్ళు ఉంటుంది? మిగతా వాటిలో తగ్గించుకున్నా రేకు మందంలో తగ్గలేదు.

రేకుని నిలువుగా చీల్చితే 2 అడుగుల వెడల్పు ముక్కలు రెండు. మొత్తం 16 అడుగులు. అందులో 9 అంగుళాలు అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి పోగా, మిగిలింది గోడ దాటి బయటికి మూతిలా ఉంటుంది. మడత మిషను ఉన్న చోట 250 ఇచ్చి మధ్యలో మడత వేయించాను. రెండు అంచుల్నీ అర అంగుళం పైకి తిప్పించాను. ఈ అంచు మడత ఎవరూ అడగరు కానీ అడిగి చేయించుకోవాలి. పెంకు కింద నుంచి పక్కకి పాకే నీటిని ఆపేది అదే.

మే 25

రోహిణి కార్తె మొదలు. పొద్దున ఆరింటికే ఎక్కాం. పది దాటితే పెంకు మీద చెయ్యి ఆనదు.

దోనె కింద ఉన్న పాత తాటి పలక మధ్యలో కుంగింది. దాని కింద చెక్క ముక్కలు పెట్టి లేపి, 14 అడుగులకి రెండు అంగుళాల వాలు తెచ్చాం. ఇదివరకు అర అంగుళం కూడా లేదు. దిగువ ముక్క ముందు వేసి, దాని మీద పీయూ సీలెంటు (ఆరినా రబ్బరులా సాగే అతుకు మందు) రెండు వరసలు గీసి, ఎగువ ముక్కని పైన కూర్చోబెట్టాం. రివిట్లు రెండు పక్కల గోడల మీదే కొట్టాం. నీళ్ళు పారే అడుగున ఒక్క చిల్లు కూడా పెట్టలేదు. రేకుని పలకకి మేకులతో కొట్టలేదు, అంచు మడతని పట్టుకునే చిన్న రేకు కొక్కేలతో ఆపాం.

పెంకులు తిరిగి నేసేటప్పుడు ఆరు పగిలి ఉన్నాయి. ఇక్కడ ఒక మాట. బెంగుళూరు పెంకు అని మనం పిలుస్తాం కానీ అది పుట్టింది మంగుళూరులో. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తరవాత చాలా ఫ్యాక్టరీలు వచ్చాయి, ఒక్కొక్కరి గాడి కొలత ఒక్కోలా ఉంటుంది. అందుకే పగిలిన పెంకు వెనక ముద్ర చూసి, అదే ముద్ర ఉన్నవి పాత ఇల్లు విప్పుతున్న చోట వెతికి తెచ్చాను. ఒక్కోటి 20 రూపాయలు. కొత్తది తెచ్చి పెట్టినా గాడి కలవకపోతే అక్కడే మళ్ళీ కారుతుంది.

మళ్ళీ పసుపు నీళ్ళు పోశాం. నాలుగు బకెట్లు. లోపల చుక్క లేదు.

మే 28

ఇప్పుడు చూరు దోనె. రొయ్యల చెరువుల దగ్గర వాడి తీసేసిన 160 ఎంఎం పీవీసీ గొట్టం, 20 అడుగులది, పాత సామాన్ల కొట్లో 900కి దొరికింది. నిలువుగా చీల్చితే ఒక గొట్టానికి రెండు దోనెలు. నాకు కావలసింది 24 అడుగులు. ఒక సగం మొత్తం, రెండో సగంలోంచి 4 అడుగులు. మిగిలింది దాచాను.

ఇది ఆరు అంగుళాల పైచిలుకు దోనె. సరిపోతుందా అని లెక్క వేసుకున్నాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వసారా కప్పు నేల మీద కొలిస్తే 24 అడుగులు 10 అడుగులు, సుమారు 22 చదరపు మీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల జోరు వాన పడితే 1,100 లీటర్లు, అంటే నిమిషానికి 18 పైన. వాలు సరిగా ఉంటే ఈ దోనె అంతకు చాలా రెట్లు లాగుతుంది.

కొయ్యడం మాత్రం తేలిక కాదు. గొట్టానికి రెండు పక్కలా దారం కట్టి సుద్దతో గీత కొట్టాను. మొదటి నాలుగడుగులు కోసేసరికి చీలిక మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. తయారీలో చల్లారేటప్పుడు గొట్టం గోడలో బిగువు ఉండిపోతుంది, చీల్చగానే లోపలికి ముడుచుకుంటుంది. అడుగుకొకటి చొప్పున వెదురు చీలికలు దూరుస్తూ పోయాను. మధ్యాహ్నం రెండు గంటలు పట్టింది. తరవాత కూడా నోరు కాస్త ఇరుకైంది, దోనెని పట్టుకునే పట్టీలు బిగించాక సర్దుకుంది.

చివర్లు మూయడానికి బిళ్ళలు కొనలేదు. మిగిలిన గొట్టంలోంచి జానెడు ముక్క కోసి మరిగే నీళ్ళలో వేస్తే మెత్తబడింది. తీసి రుబ్బురోలు పొత్రం కింద చదునుగా పెడితే పలకలా వచ్చింది. దాన్ని అర్ధచంద్రంగా కోసి పీవీసీ అతికించే సాల్వెంటుతో అతికించాను. పొయ్యి మంట మీద మాత్రం పీవీసీ పెట్టకూడదు, ఆ పొగ విషం.

జూన్ 1

పట్టీలు వెల్డింగు షాపు తమ్ముడు వంచి ఇచ్చాడు. రెండేసి అడుగులకి ఒకటి చొప్పున 13, ఒక్కోటి 30. రెడ్ ఆక్సైడు (తుప్పు ఆపే ఎర్ర రంగు) రెండు పూతలు నేనే వేశాను.

వాలు కంటితో చూసి పెట్టొద్దు. మేస్త్రీలు వాడే సన్న పారదర్శకపు గొట్టంలో నీళ్ళు నింపి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, రెండు చివర్లా మట్టం గుర్తు పెట్టాను. మీటరుకి 5 మిల్లీమీటర్ల చొప్పున 24 అడుగులకి అంగుళమున్నర దించాను. మొదటి పట్టీ, చివరి పట్టీ కొట్టి మధ్యలో దారం లాగితే మిగతా పదకొండూ దారానికి తాకేలా కొట్టడమే. మా చూరు సమంగా లేదు, మధ్యలో ముప్పావు అంగుళం కిందికి ఉంది. చూరుని బట్టి పెట్టి ఉంటే మధ్యలో నీళ్ళు నిలిచేవి.

దిగువ చివర 75 ఎంఎం గొట్టం, రెండు బెండ్లు. నీళ్ళు డ్రమ్ములోకి, అది నిండితే కొబ్బరి పాదులోకి.

జూన్ 4

మధ్యాహ్నం చూస్తే దోనె మూడు చోట్ల అలలా లేచి ఉంది. టెన్షన్ వచ్చింది. తెల్లారి చూస్తే మళ్ళీ సాఫీగా ఉంది. తప్పు నాదే. అన్ని పట్టీలకీ స్క్రూలు గట్టిగా బిగించాను. పీవీసీ మీటరుకి, డిగ్రీకి దాదాపు 0.07 మిల్లీమీటరు సాగుతుంది. తెల్లవారుజాము చల్లదనానికీ మధ్యాహ్నపు ఎండలో కాగిన గొట్టానికీ 28 డిగ్రీల తేడా వేసుకున్నా, 7.3 మీటర్లకి 14 మిల్లీమీటర్లు, అర అంగుళం పైనే. పోవడానికి చోటు లేక పైకి లేచింది.

నీళ్ళు దిగే చివర ఒక్క స్క్రూ ఉంచి మిగతావన్నీ తీసేశాను. గొట్టానికి పడ్డ బెజ్జాలు పై అంచు దగ్గరే కాబట్టి ఫరవాలేదు. పట్టీల మీద దోనె ఊరికే కూర్చుంటుంది, గాలికి లేవకుండా పైన జి.ఐ. తీగ వదులుగా కట్టాను. 20 అడుగుల ముక్కకీ 4 అడుగుల ముక్కకీ మధ్య అడుగున వేసిన అతుకు పట్టాని ఒక పక్కే సాల్వెంటుతో అతికించి, రెండో పక్క మెత్తగా ఉండే సీలెంటు పెట్టాను.

జూన్ 11

మృగశిర మూడో రోజు మొదటి పెద్ద వాన. వంటింట్లో చుక్క లేదు. చూరు దోనె దగ్గర గొడుగేసుకుని నిలబడి చూశాను. మూడు చోట్ల పెంకు గాడిలోంచి వచ్చే ధార దోనెని దాటి అవతల దూకుతోంది. పెంకు కొస దోనె వెడల్పులో మూడో వంతు దగ్గర పడాలి, ఆ మూడు చోట్లా మధ్య దాటి ఉంది. మర్నాడు అక్కడి పట్టీలు కాస్త ముందుకు వంచి సరిచేశాను.

రెండోది, దింపుడు గొట్టం మూతి దగ్గర పెట్టిన చదునైన జాలీ మీద వేపాకు పరుచుకుని అరగంటలో మూసుకుపోయింది. 40 రూపాయల జాలీ కొని గిన్నె బోర్లించినట్టు ఉబ్బుగా వంచి పెట్టాను. ఆకులు చుట్టూ చేరినా పైనుంచి నీళ్ళు దిగుతాయి.

జూన్ 24

ఆరుద్ర. నిన్న రాత్రంతా కురిసింది. 200 లీటర్ల డ్రమ్ము జోరు మీద ఉన్నప్పుడు పది నిమిషాలకి నిండింది, లెక్కకి దగ్గరగానే ఉంది. పునాది పక్క గుంటలో నీళ్ళు లేవు. దాన్ని ఎర్రమట్టి పోసి దిమ్మిస కొట్టాలి.

ఖర్చు: రేకు, మడత కలిపి 1,500. గొట్టం 900. పట్టీలు 390, ఎర్ర రంగు 90. సాల్వెంటు 60, సీలెంటు 280, రివిట్లు 50, రివిట్ గన్ను అడిగి తెచ్చుకున్నది. దింపుడు గొట్టం 330, బెండ్లు 120. స్క్రూలు, తీగ 100. పెంకులు 120, బాబాయ్ కూలి 900, జాలీ 40. మొత్తం 4,880.

గోడ ఇంకా చెమ్మగానే ఉంది. ఇప్పుడే సున్నం వేస్తే నిలవదు, దసరా దాకా ఆరనివ్వాలి. తుపాన్లు మొదలయ్యేలోపు, అక్టోబరు మొదటి వారంలో, దోనెలో ఆకు తీసి అతుకు దగ్గర ఒక చెంబు పసుపు నీళ్ళు పోసి చూస్తాను. అమ్మ ఇవాళ పొద్దున గిన్నె తీసి తోమి అటక మీద పెట్టింది. బియ్యం డబ్బా మూలకి జరిపింది కానీ కింద రెండు ఇటుకలు పెట్టింది, ఈ ఏడాది గడిచాక తీస్తానంది.