మా ఇంట్లో ఫోన్ రూల్స్ ఎలా కుదిరాయంటే

మా పెద్దాడు తొమ్మిదో తరగతి, చిన్నది ఆరో తరగతి. ఫోన్ల గొడవ ఒక దారికి రావడానికి మాకు వేసవి సెలవులన్నీ పట్టాయి.

ముందు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాం, పిల్లల ఫోన్‌ని మన ఫోన్ నుంచి అదుపు చేసే యాప్ అది. రోజుకు ఇంతసేపని పెడితే టైమ్ కాగానే ఫోన్ లాక్ అయిపోతుంది. ఒక్కో యాప్‌కి విడిగానూ పెట్టొచ్చు. యూట్యూబ్ టైమ్ అయిపోగానే మావాడు క్రోమ్‌లో యూట్యూబ్ తెరిచాడు. అక్కడా ఆ సైట్ బ్లాక్ చేస్తే తాతయ్య ఫోన్ పట్టుకున్నాడు. దాని పిన్ ఇంట్లో తెలియనివాళ్లు లేరు!

ఇక గంటల లెక్క. పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021 సూచనల్లో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు స్క్రీన్ టైమ్ రోజుకు 2 గంటల లోపు అని ఉంది. ఆ పై వయసుకి మాత్రం నిద్ర, ఆట, హోంవర్క్, ఇంట్లోవాళ్లతో గడిపే సమయం తగ్గిపోతుంటే స్క్రీన్ తగ్గించమన్నారు. నాకు ఇదే నచ్చింది. నిమిషాలు లెక్కపెడుతూ కూర్చునే ఓపిక నాకెక్కడిది?

అందుకే నిద్ర దగ్గర మొదలుపెట్టాం. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి. "మరి నాన్నది?" అంది చిన్నది. ఆఫీసు కాల్స్ వస్తాయని ఆయన కాస్త నసిగారు గానీ, చివరికి ఆయనదీ అక్కడే పెట్టారు. రింగ్ అయితే లేచి వెళ్తారు. హోంవర్క్ మెసేజ్‌లు క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్కోసారి పదింటికి వస్తాయి. అవి నా ఫోన్‌లో నేనే చూసి చెప్తాను.

పెద్దాడి పేచీ బీజీఎంఐ అనే ఫోన్ గేమ్ గురించి. "మ్యాచ్ మధ్యలో వదిలేస్తే టీమ్ వాళ్లు తిడతారమ్మా." అదీ నిజమే, ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. అందుకని తొమ్మిది దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు అనుకున్నాం. ఈ రూల్ వాడు చెప్పిందే, కాబట్టి వాడితో వాదన తగ్గింది. ఫ్యామిలీ లింక్ తీసేయలేదు, రాత్రి లాక్‌కి అది చాలు. తాతయ్య పిన్ మార్చుకున్నారు, మనవడి మీద జాలిపడుతూనే.

టీవీలో క్రికెట్ కూడా స్క్రీన్ టైమేనా అన్నది ఇంకా తేలలేదు. కాదని మావారు, పిల్లలు ఒకే మాట మీద ఉన్నారు. అవుననేది నేనొక్కదాన్నే.