కదలని నీడను ఎడిట్ చేసుడు

ఎడిటింగ్ ఎక్కడ నేర్చుకున్నవ్ అన్నా అని మా తమ్ముని దోస్తులు ఈ మధ్య ఒకటే అడుగుతున్నరు. ఏదన్న కోర్సు పేరు చెప్తనేమో అని వాళ్ల ఆశ. నల్లగొండ పక్కన పానగల్‌ల నేర్చుకున్న అంటే నవ్వుతున్నరు, నిజమే చెప్తున్న గాని.

డిగ్రీ రెండో ఏడాదిల మా కాలేజీల మీడియా క్లబ్ అని పెట్టిన్రు. కెమెరా లేదు, ల్యాబ్ లేదు, పేరు ఒక్కటే ఉండె. ఐదుగురం చేరినం. నల్లగొండ చుట్టుముట్టు దేని మీదనన్న ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీయున్రి అన్నడు సారు, ఒకడు లతీఫ్ సాబ్ గుట్ట అన్నడు, ఒకడు క్లాక్ టవర్ అన్నడు, ఆఖరికి ఛాయా సోమేశ్వరాలయం కాడ ఆగినం ఎందుకంటే పానగల్ పక్కపొంటే, పెట్రోల్ ఖర్చు తక్కువ.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న, అది త్రికూటాలయం, కందూరు చోడుల కాలం నాటిది. మూడు గర్భగుళ్లల్ల ఒకదాంట్ల లింగం వెనక గోడ మీద స్తంభం లెక్క నీడ పడుతది, పొద్దు ఎటు తిరిగినా అది జరగదు. ముందున్న స్తంభాల సందుల నుంచి వెలుతురు చిమ్మి లోపల పడుడే దాని కిటుకు. మాకు ఇంకేం గావాలె, టైమ్‌ల్యాప్స్, అంటే ఆగి ఆగి ఫొటోలు తీసి వీడియో లెక్క ఉరికించుడు, పెడితే అదిరిపోతది అనుకున్నం. ట్రైపాడ్ లేదు, ఇటుకల మీద ఫోన్ నిలబెట్టి, మండపంల నుంచే, ఐదు సెకండ్లకో ఫొటో, రెండు గంటలు. 1,440 ఫొటోలు. సెకనుకు 25 ఫొటోల లెక్కన పెడితే నిమిషం గూడ రాలే, సరే అది పక్కన పెట్టున్రి, ప్లే చేసి చూస్తే ఏముంది, నీడ కదలదు గదా, మా వీడియో గూడ కదలలే! అచ్చం ఒక ఫొటో పెట్టినట్టే ఉన్నది. వీడియో ఆగిపోయిందారా అని క్లాసోళ్లు అడిగిన్రు.

వారం రోజులు దాని మీద ఎఫెక్టులు వేసుకుంట కూసున్న. జూమ్ చేసిన, ఎర్ర రంగు గీత గీసిన, బాణం గుర్తు పెట్టిన, అన్ని దరిద్రంగనే ఉన్నయ్. మళ్ల పోయి బయట ఆవరణల ఒక రాతి స్తంభం నీడను అట్లనే రెండు గంటలు తీసినం, అది నేల మీద పాము లెక్క జరుగుకుంట పోయింది. బయటి నీడ ఐదు సెకండ్లు, కట్, లోపలి నీడ ఐదు సెకండ్లు, మళ్ల బయట. అంతే. బాణం లేదు, వాయిస్ ఓవర్ లేదు, మొదటిసారి చూసినోడు గూడ అరే అన్నడు. లోపలి షాట్ పాతదే, ఒక్క ఫ్రేమ్ మార్చలే.

ఇగ తాత ముచ్చట. ఉదయ సముద్రం కట్ట మీద బర్లు కాసే తాతను 18 నిమిషాలు మాట్లాడించినం, బొమ్మ ఒక ఫోన్ల, మాట ఇంకో ఫోన్ల, కలుపుటానికి మొదట్ల చప్పట్ కొట్టినం. టైమ్‌లైన్ మీద చప్పట్ కరెక్ట్‌గ కలిసింది, ఆఖరికి వచ్చేసరికి మాట ముందు పోతున్నది పెదవులు వెనక వస్తున్నయ్. ఫోన్ సెకనుకు ఎప్పుడూ ఒకే లెక్కన ఫ్రేములు తియ్యదట, వెలుతురును బట్టి, వేడిని బట్టి తగ్గిస్తది పెంచుతది, దాన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటరు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌ల కాన్‌స్టంట్, అంటే ఎప్పుడూ ఒకే లెక్క, పెట్టి మార్చుకున్నంక సక్కగైంది. ఇది చెప్పెటోడు లేక రెండు రాత్రులు ముక్కలు ముక్కలు కోసి జరుపుకుంట కూసున్న, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ తేలికగ నడువనీకె చేసుకునే చిన్న సైజు కాపీలు, ఏందో గూడ తెల్వకుండ.

దానికన్న పెద్ద తప్పు ఇంకోటి చేసిన. తాత మాటల "ఇగ", "గదా", "ఏమంటరు దాన్ని", నడుమ బీడీ గుంజినంతసేపు ఆగుడు, అన్ని ఏరి ఏరి తీసేసిన. మస్తు నీట్‌గ వచ్చింది అనుకున్న. మా టీంల దేవరకొండ పిల్ల ఒకామె విని "ఏంది, తాత టీవీల వార్తలు చదువుతున్నడా" అన్నది. కోపం వచ్చింది గాని మళ్ల వింటే నిజమే, మనిషే లేడు అండ్ల. ఇగలు, గదాలు అన్ని వాపస్ పెట్టిన. అడ్డం వచ్చిన కాడ నీళ్ల మీద కొంగల షాట్ కప్పిన. తాత గొంతు ముందు వినిపించి, రెండు సెకండ్లకు తాత కనిపించేటట్టు జరిపిన, దాన్ని జె కట్ అంటరని తర్వాత తెలిసింది.

కోసిన కాడల్ల గాలి చప్పుడు టక్కున ఆగుతుండె, చెవులు మూసుకపోయినట్టు. కోసిన కాడ కింద పరుచుటానికి ఉత్త గాలిని ఒక నిమిషం రికార్డ్ చేసుకోవాలె అని ముందు తెల్వక, దాని కోసమే మళ్ల బండేసుకొని కట్ట మీదికి పోయిన. ఎవ్వరూ మాట్లాడకున్రి అని నిలబడి గాలిని రికార్డ్ చేస్తుంటే బర్లు కాసే పోరగాళ్లు నన్ను చూసి పిచ్చోడనుకున్నరు.

సినిమా అయినంక ఫోన్ల పెట్టుకపోయి తాతకు చూపించినం. ఐదు నిమిషాలు కళ్లు చికిలించుకొని చూసిండు, అయిపోయినంక ఏమంటడో అని మేం ఎదురుచూస్తున్నం.

"నడుమల దగ్గిన గదా బిడ్డ, అదేడ పోయింది?"