నలభై మూడు మంది, ఎనభై ఆరు పుట్టుమచ్చలు

మొన్న శనివారం మా బడిలో పదో తరగతి పిల్లలకు ఫేర్‌వెల్ జరిగింది. రెండు పేజీల ప్రసంగం రాసుకుని వెళ్లాను. మైకు అందుకుని "బిడ్డలారా" అన్నానో లేదో, వెనక గల్లీలో మార్ఫా డప్పులు మొదలయ్యాయి. ఎవరింట్లోనో పెళ్లి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, మార్ఫా మోగుతుంటే ఎదుటి మనిషి మాట వినపడదు, వినాలనీ అనిపించదు. ఒక నిమిషం ఆగి చూశాను. ముందు వరసలో పిల్లల కాళ్లు కుర్చీల కింద అప్పుడే ఆడుతున్నాయి. "పోండి, ఆడుకోండి" అని కాగితాలు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. నా సర్వీసులో నా ప్రసంగానికి అన్ని చప్పట్లు పడటం అదే మొదటిసారి.

రాత్రి ఇంటికొచ్చి ఆ కాగితాలు తీసి చూసుకుంటే 'ఉన్నత శిఖరాలు', 'బంగారు భవిష్యత్తు' లాంటి మాటలు కనిపించాయి. మార్ఫా వాళ్లు మంచి పనే చేశారు. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మా పిల్లలు ఇన్‌స్టాగ్రామ్ తప్ప ఇంకోటి చదవరు, అయినా ఎవడో ఒకడు లింకు గ్రూపులో పెడతాడు.

ముందు ఆ రోజు సంగతి. మా దగ్గర ఫేర్‌వెల్ ఏర్పాట్లు తొమ్మిదో తరగతి పిల్లలవి. తలా ఇంత వేసుకుని సమోసాలు, థమ్సప్, రంగు కాగితాలు తెచ్చారు. పదో తరగతి ఆడపిల్లలందరూ చీరలు. అమ్మవి, అక్కవి, పక్కింటి ఆంటీవి. ఒకమ్మాయి చీర గేటు దగ్గరే ఊడిపోతుంటే నా గదిలోకి లాక్కెళ్లి, టేబుల్ సొరుగులో ఉన్న పిన్నీసులన్నీ పెట్టాను. లెక్కపెట్టాను కూడా, పద్నాలుగు. మగపిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని, జుట్టుకు ఏదో రాసుకుని, ఐదేళ్లలో మొదటిసారి టైముకు వచ్చారు.

మాది అంబర్‌పేట వైపు ఒక సర్కారు హైస్కూలు. నేను బయాలజీ చెప్తాను. హెచ్.ఎం. పోస్టు ఖాళీగా ఉండటంతో మూడేళ్లుగా ఆ కుర్చీ కూడా నాదే. ఆ కుర్చీలో కూర్చున్నాక నేర్చుకున్న పనుల్లో విచిత్రమైనది పుట్టుమచ్చలు వెతకడం.

పదో తరగతి పరీక్ష రాయాలంటే ముందు బడి నుంచి నామినల్ రోల్స్ పోవాలి. పిల్లల పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, ఫొటో, సంతకం, వాటితోపాటు ఒంటి మీద రెండు గుర్తులు. 'ఎ మోల్ ఆన్ ద రైట్ హ్యాండ్' అని మన మెమోల మీద ఉంటుందే, అదన్నమాట. ఏటా పరీక్ష ఫీజు 125 రూపాయలు వసూలు చేసే రోజుల్లోనే ఈ వెతుకులాట కూడా. ఆడపిల్లలవి నేను చూస్తాను, మగపిల్లలవి పీఈటీ సార్ చూస్తారు. వరసగా నిలబడి చేతులు చాపి, మెడలు తిప్పి, చెవుల వెనక చూపించుకుంటారు. నలభై మూడు మందికి ఎనభై ఆరు మచ్చలు. అవి అందరికీ కనపడే చోట ఉండాలి, చెరగనివి అయ్యుండాలి. ఒక్కోసారి పెన్ను గీత పడి ఉంటుంది, మచ్చ అనుకుని రాసేస్తాం, మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కుంటే పోతుంది. మళ్లీ మొదలు.

క్లాసులో చెప్పాను కూడా. మెలనిన్ తయారుచేసే కణాలు చర్మంలో ఒకచోట గుంపుగా చేరితే అది పుట్టుమచ్చ. పేరుకే పుట్టుమచ్చ గాని, చాలావరకు పుట్టిన తర్వాత, పెరిగే వయసులో వచ్చేవే. "మరి మెమో వచ్చినంక కొత్తవి వస్తే ఎట్ల మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒకడు. నాకు జవాబు తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు.

పేర్లు రాయకూడదు కాబట్టి వాళ్లను ఇక్కడ మచ్చలతోనే పిలుస్తాను.

ఎడమ కనుబొమ్మ మీద మచ్చవాడు. "అద్దం ముందర నిలబడి మొత్తం సూసిన మేడం, నాకు ఒక్కటి గూడ లేదు" అని ఏడుపు మొహం పెట్టాడు. మచ్చ లేకపోతే పరీక్ష రాయనివ్వరని ఎవరో ఆటపట్టించారట. మోచేతి దగ్గర ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. అప్పుడు వాడి కనుబొమ్మ చూశాను. ఏడో తరగతిలో క్రికెట్ బంతి కోసం తాళం వేసిన గేటు ఎక్కి, జారి, ఆ గేటు చువ్వకే తగిలించుకున్నాడు. మూడు కుట్లు పడ్డాయి. స్కూటీ మీద నేనూ లెక్కల సారూ మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోతుంటే దారి పొడవునా ఒకటే మాట, "బాల్ దొరికిందా సార్?" దెబ్బ మచ్చ కూడా రాయొచ్చు. రాశాను. కాబట్టి నాయనా, నీ రెండో గుర్తు మా బడి గేటు ఇచ్చింది. బంతి ఇంకా దొరకలేదు.

కుడి మణికట్టు మీద మచ్చమ్మాయి. వాళ్లది ఒడిశాలో బలంగీర్ వైపు. నాన్న ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఏడో తరగతి సగంలో చేరింది, తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి నెలంతా మధ్యాహ్న భోజనం దగ్గర 'ఇంకొంచెం', 'చాలు' అనే రెండు మాటలతోనే నడిపింది. ఈ డిసెంబర్‌లో నోటీసు బోర్డు మీద నేను 'విధ్యార్థులు' అని రాస్తే, చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, చాక్‌పీసుతో ధ వత్తు చెరిపి ద చేసింది. కిటికీలోంచి చూశాను. తొందరలో రాశానమ్మా. అయినా ఆ రోజు నాకు కలిగిన సంతోషం నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

మెడ మీద కుడివైపు మచ్చవాడితో నాకు ఒక బాకీ ఉంది. తొమ్మిదో తరగతిలో సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకెళ్లాం. అక్కడి గడియారం సంగతి తెలిసిందే, గంట కొట్టే వేళకు లోపలి నుంచి చిన్న బొమ్మ మనిషి నడిచొచ్చి గంట మోగించి పోతాడు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు సార్లు చూడొచ్చని పరుగులు పెట్టించాం. జనమంతా బొమ్మను చూస్తున్నారు. వీడు మాత్రం అక్కడి గార్డును పట్టుకుని "ఖరాబైతే ఎవరు బాగుచేస్తరు అన్నా?" అని అడుగుతున్నాడు. వాళ్ల నాన్నకు మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే చిన్న డబ్బా ఉంది. మా స్టాఫ్ రూమ్ ఫ్యాను రెండుసార్లు బాగుచేసింది వీడే. జనవరిలో తండ్రీకొడుకులు నా దగ్గరికి వచ్చారు. వీడేమో ఐటీఐ అంటాడు, ఆయనేమో ఎంపీసీ అంటాడు. "నా లెక్క స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు మేడం" అన్నాడాయన. నేను ఆయన వైపే మాట్లాడాను. వీడు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాకు మనసులో పీకుతూనే ఉంది. స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని నేనెందుకు తలాడించాను? తెల్లచొక్కా మీద మనకున్న మోజు అంత తొందరగా పోదు, టీచర్లకు అసలు పోదు. కాబట్టి నాయనా, మధ్యేమార్గం ఒకటుంది. పాలీసెట్ రాయి. డిప్లొమా మూడేళ్లు, చేతిపనీ ఉంటుంది, చదువూ ఉంటుంది. తర్వాత ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకే పోవచ్చు. అప్పటికీ ఐటీఐ అంటే మల్లేపల్లి ఎక్కడో దూరం కాదు. మీ నాన్నతో ఈసారి నేనే వచ్చి మాట్లాడతాను, డబ్బా దగ్గరికే.

ఈ బ్యాచ్ మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమ. దాచుకోవడం ఎందుకు. వీళ్లు ఆరో తరగతిలో మా గేటు లోపలికి వచ్చింది 2021 సెప్టెంబర్ 1న. నాలుగో తరగతి చివర్లో కరోనాతో బడి మూతపడింది, ఐదో తరగతి మొత్తం దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ వచ్చే టీవీ పాఠాలతోనే గడిచింది. టీవీ ఉన్నవాళ్లకు గడిచింది. ఫోను నాన్నతోపాటే పనికి పోయే ఇళ్లలో అదీ లేదు. ఆరో తరగతి పాఠం తెరిస్తే మూడో తరగతి వాక్యం చదవలేకపోయేవాళ్లు. తీసివేతలో పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకోవడం మరిచిపోయారు. బెంచీ మీద గంటసేపు కూర్చోవడం కూడా మరిచిపోయారు, మధ్యలో లేచి ఇంటికి పోబోయేవాళ్లు.

అందరికీ మాస్కులు. చాలా రోజులు నాకు వాళ్ల కళ్లే తెలుసు. ఒకరోజు భోజనం దగ్గర ఒకమ్మాయి మాస్కు కిందికి లాగితే గడ్డం మీద మిరియం గింజంత మచ్చ. ఇన్నాళ్లూ ఈ పిల్ల మొహం ఇలా ఉంటుందనుకోలేదే అని తినడం ఆపి చూస్తూ ఉండిపోయాను. పోయిన అక్టోబర్‌లో ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడు వెతకాల్సిన పని పడలేదు. తలెత్తకుండానే రాసేశాను. "మేడం, సూడకుండనే రాసిన్రు!" అంది.

ఇంటర్‌కు కోఠి పంపడానికి ఈ అమ్మాయి వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. దూరం, ఖర్చు అన్నాడు. "ఖర్చెక్కడిది అన్నా, 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు బస్సులో జీరో టికెటే గదా" అన్నాను. "దూరం మాత్రం దూరమే గదా మేడం" అన్నాడు. ఆ మాటకు అరగంట పట్టింది. చివరికి చాయ్ తాగి ఒప్పుకుని వెళ్లాడు. ఆధార్ కార్డు మరిచిపోకు తల్లీ, కండక్టర్‌తో గొడవపడకు.

ఇక అందరికీ కలిపి కొన్ని మాటలు. మెమో చేతికి రాగానే లామినేషన్ చేయించకండి. ఎందుకో ప్రతి ఇంట్లో అదే మొదటి పని. రేపెక్కడైనా వెనక ముద్ర వేయాల్సి వస్తే ప్లాస్టిక్ మీద వేయలేరు. నాలుగు జిరాక్సులు తీసి, అసలుది అమ్మ చీరల మధ్య పెట్టండి. పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా మీ పుట్టిన తేదీ అంటే ఆ కాగితం మీద ఉన్నదే. నా పుట్టిన తేదీ మా ఊరి బడి పంతులుగారు ఆయనకు తోచినట్టు రాసింది, మా అమ్మ నేను కార్తీకంలో పుట్టానంటుంది, రికార్డులో జూన్. దాంతోనే బతుకుతున్నాను. అందుకే నవంబర్‌లో మీ ఆధార్లు, అడ్మిషన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసి మిమ్మల్ని విసిగించాను.

కాలేజీల వాళ్లు ఇప్పటికే ఇళ్లకు ఫోన్లు చేస్తున్నారని తెలుసు. రిజల్ట్ రాకముందే సీటు, ఫీజులో తగ్గింపు అంటారు. అడ్వాన్సు కట్టకండి. ఒకసారి ఒరిజినల్స్ వాళ్ల చేతిలోకి పోతే వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని తిప్పలో పాత బ్యాచ్ అమ్మాయి ఒకామె నా గదిలో కూర్చుని ఏడ్చి చెప్పింది. సర్కారు జూనియర్ కాలేజీ పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లతో వాదించే ఓపిక ఈ పోస్టులో లేదు, నా గదికి రండి, అక్కడ వాదిస్తాను.

తప్పినా రండి. ముఖ్యంగా తప్పితే రండి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, వేసవిలో లెక్కల సార్ ఎలాగూ ఖాళీ. హిందీలో 20 వస్తే చాలని ఎవరో మీకు చెప్పారట, హిందీ మేడం నన్ను అనుమానంగా చూస్తున్నారు.

టీసీ రాసేటప్పుడు కాండక్ట్ అనే కాలమ్ దగ్గర అందరికీ 'గుడ్' అనే రాస్తాను. ల్యాబులో బీకరులో మ్యాగీ చేసిన ముగ్గురికి కూడా. కాస్త ఆలోచిస్తాను గాని, రాస్తాను.

పరీక్షల రోజుల్లో నేను మీ సెంటర్‌లో ఉండను. చీఫ్ సూపరింటెండెంట్ డ్యూటీ ఇంకో బడికి పడింది, సొంత పిల్లలున్న చోటికి వేయరు. ఎవరో హెచ్.ఎం. పెంచిన పిల్లల హాల్‌టికెట్లు చూసి, మొహాలు పోల్చుకుని, "టెన్షన్ పడకు బిడ్డా" అని నేను లోపలికి పంపుతుంటాను. మీకు ఆ మాట ఇంకో గేటు దగ్గర ఇంకెవరో చెప్తారు. కోపంగా చెప్పినా పట్టించుకోకండి, వాళ్లకూ వాళ్ల పిల్లలు ఎక్కడో రాస్తుంటారు. ముందురోజే సెంటర్ చూసి రండి. తొమ్మిదిన్నరకు పరీక్ష, ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరుండండి. ఏదో ఒకటి తిని పోండి, ఉత్త చాయ్ తాగి కాదు.

పన్నెండున్నరకు బయటికి రాగానే నాకు ఫోన్ చేస్తారు, తెలుసు. నేను ఎత్తను. లోపలికి ఫోను తేనివ్వరు, పేపర్లన్నీ కట్టి సీలు వేసేదాకా నన్నూ వదలరు. మూడింటికి మన బడికి వస్తాను. క్వశ్చన్ పేపరు పట్టుకుని రండి. చీర కట్టుకున్నమ్మాయి, నువ్వు పిన్నీసులు కూడా తీసుకుని రా. పద్నాలుగు.