అమ్మను లగ్జరీ టెంటుకు తీసుకెళ్ళడం: నా అనుభవం

నది పక్కన టెంటులో పడుకోవాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. కానీ మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి, రాత్రిపూట బాత్రూముకు లేవాలి, చలి అస్సలు పడదు. వీపున బ్యాగు వేసుకుని వెళ్ళి నేల మీద చాప పరుచుకునే క్యాంపింగ్ ఆమెతో కుదరదు. మంచం, పరుపు, లోపలే బాత్రూము ఉండే లగ్జరీ టెంటులు వచ్చాక ఇది కుదిరేలా ఉందనిపించి వెతకడం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది ఫొటోల గురించి. ఏ క్యాంపు చూసినా అవే ఫొటోలు: తెల్లటి దుప్పటి పరిచిన మంచం, చిన్న లైట్ల దండ, వెనకాల కొండ. వాటిని చూసి ఏదీ తేల్చుకోలేం. నేను అందరినీ వేరే ఫొటోలు అడిగాను. బాత్రూము లోపలిది, బండి ఆగే చోటు నుంచి టెంటు దాకా నడిచే దారిది, టెంటు ముందున్న మెట్లది, పగటిపూట దూరం నుంచి తీసిన క్యాంపు మొత్తానిది. ఈ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే టెంటుకీ టెంటుకీ మధ్య ఎంత ఎడం ఉందో అందులోనే తెలుస్తుంది. గుడ్డ గోడలకు శబ్దం ఆగదు, పక్క టెంటులో గురక కూడా వినిపిస్తుంది.

టెంటుల్లో రకాలున్నాయి, వాటి మధ్య తేడా చిన్నది కాదు. బెల్ టెంటుకు మధ్యలో ఒకే స్తంభం ఉంటుంది, చుట్టూ వాలుగా దిగుతుంది కాబట్టి అంచుల దగ్గర వంగాలి, ఇక వంగడమే కష్టమైన అమ్మకు అది పనికిరాదు. గుమ్మటంలా గుండ్రంగా ఉండే డోములు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. అమెరికన్ ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1954లో పేటెంట్ తీసుకున్న త్రికోణాల చట్రం అది, గాలికి బాగా తట్టుకుంటుంది. కాకపోతే చాలా డోములకు పైన కప్పేది ప్లాస్టిక్ పూత ఉన్న షీటు, ముందువైపంతా పారదర్శకంగా ఉంటుంది. పగలు ఎండకు లోపల ఉడికిపోతుంది, రాత్రి మన ఊపిరిలోని తేమ ఆ షీటు మీద నీటిచుక్కలై కారుతుంది. మంగోలియా, కజక్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్ వైపు పశువుల కాపరుల యర్టులు చలికి అన్నిటికన్నా మంచివి. చెక్క జాలీ గోడ, దాని మీద మందపాటి ఉన్ని. కజక్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్‌ల యర్టు తయారీ విద్యను 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. నాకు మాత్రం సఫారీ టెంటు నచ్చింది: నిటారు గోడలు, నేలకు ఎత్తుగా చెక్క వేదిక, కాన్వాస్ కప్పు మీద కాస్త ఎడంగా ఇంకో కప్పు. ఆ రెండు కప్పుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి ఎండ నేరుగా దిగదు, వాన చప్పుడు కూడా కొంచెం తగ్గుతుంది.

తర్వాత ఫోన్లు. బాత్రూము అదే కప్పు కింద ఉందా, బయటికి వచ్చి వెళ్ళాలా? కమోడ్ పక్కన పట్టుకోవడానికి రాడ్ ఉందా? వేడినీళ్ళు గీజరు నుంచా, బకెట్లో తెచ్చిస్తారా? జనరేటర్ ఉంటే అది టెంటుకు ఎంత దూరం, రాత్రి ఎన్నింటికి ఆపేస్తారు? రాత్రి ఎవరికైనా బాగోకపోతే బండి, డ్రైవరు క్యాంపులోనే ఉంటారా, ఆసుపత్రి ఎంతసేపు ప్రయాణం? కరెంటు గురించి ప్రత్యేకంగా అడగాలి. మామూలు రూమ్ హీటరు 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది, చిన్న సోలార్ బ్యాటరీల మీద అది రాత్రంతా నడవదు. అందుకే "హీటరు ఉందండీ" అన్న మాటతో ఆగిపోకుండా "తెల్లవారే దాకా నడుస్తుందా?" అని అడగాలి. పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటికి దాదాపు వంద వాట్లు చాలు, సోలార్ క్యాంపుల్లో అదే నమ్మకం.

ఒక క్యాంపులో ఫోనెత్తినాయన విసుక్కున్నాడు. "ఇంతమంది వచ్చి వెళ్తున్నారు మేడం, ఇన్ని ప్రశ్నలు ఎవరూ వేయలేదు" అన్నాడు. అక్కడితో ఆ క్యాంపు వదిలేశాను. ఇంకోచోట మెట్ల ఎత్తు అడిగితే ఫోనులో మాట్లాడుతున్న అమ్మాయి "ఉండండి, టేపు తెచ్చి కొలిచి చెప్తాను" అంది, నిజంగానే కొలిచి, కింది మెట్టు మాత్రం కొంచెం ఎత్తుగా ఉందని, అక్కడ ఒక చెక్కపీట వేయిస్తామని చెప్పింది. బుక్ చేసింది అక్కడే. టెంటులో సుఖం అంటే నా దృష్టిలో ఇదే, మనం వెళ్ళకముందే ఎవరో మన గురించి ఆలోచించి ఉండాలి. మొఘల్ చక్రవర్తులు ప్రయాణం చేసేటప్పుడు డేరాలు రెండు జతలు ఉండేవి, ఒక జతలో పాదుషా బస చేస్తుంటే రెండోది ముందు మజిలీకి వెళ్ళి సిద్ధంగా ఉండేది, దాన్ని పేష్‌ఖానా అనేవారు. ఆ పట్టు గుడారాల వైభవం గురించే అందరూ చెబుతారు గానీ నాకు ఆ ముందుగా వెళ్ళిన జతే గొప్పగా అనిపిస్తుంది.

తేదీలకు వస్తే, అమ్మకు నదితో పాటు నక్షత్రాలు కూడా కావాలి. అందుకని సెలవుల కన్నా ముందు క్యాలెండరులో అమావాస్య ఎప్పుడో చూశాను. పౌర్ణమి దగ్గర వెన్నెల బాగుంటుంది కానీ పాలపుంత కనపడదు. వానలు వెనకబట్టాక ఆకాశం కడిగినట్టుంటుంది, కాకపోతే చలి. ఫోనులో వాతావరణం చూస్తే అది కింద ఉన్న పట్టణానిది చూపిస్తుంది, క్యాంపు దానికి చాలా ఎత్తులో ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకోవాలి. దానికితోడు చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి రాత్రి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే నదిని ఆనుకుని ఉన్న టెంటు కన్నా కాస్త పైన, వాలు మీద ఉన్న టెంటు తరచు వెచ్చగా ఉంటుంది.

అడ్వాన్సు కట్టేముందు కొండచరియలు పడి దారి మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అని అడిగి, ఆ జవాబును మెసేజ్‌లో రాయించుకున్నాను. ఫోనులో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

సామాను విషయంలో పెద్దగా చెప్పేది లేదు. ఉన్ని టోపీ, వేడినీళ్ళ రబ్బరు సంచి, అమ్మ దిండు, మందులు విడిగా చిన్న సంచిలో, ఎర్ర లైటు కూడా ఉన్న హెడ్‌ల్యాంపు. చక్రాల సూట్‌కేసు వద్దు, రాళ్ళ దారిలో అది మోయాల్సిందే.

చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మాకు కేటాయించింది అన్నిటికన్నా కింది టెంటు, డెక్ దిగితే నాలుగడుగుల్లో నీళ్ళు. అమ్మ ముఖం వెలిగిపోయింది, నాకూ ఎంతో నచ్చింది. కానీ ఒడ్డున ఒక పొద కనపడింది. దాని కొమ్మల్లో నా ఛాతీ ఎత్తున ఎండుగడ్డి, చిన్న పుల్లలు, ఒక నీలం ప్లాస్టిక్ ముక్క చిక్కుకుని ఉన్నాయి, అన్నీ ఒకే వైపుకు, నది పారే వైపుకు దువ్వినట్టు ఒరిగి ఉన్నాయి. అంటే ఎప్పుడో నీళ్ళు అంత ఎత్తున పారాయి. పైన కొండల మీద మబ్బు కూడా పట్టి ఉంది. మా ఆయన "వానలు అయిపోయాయి కదా, ఏం కాదులే" అన్నారు. ఇక్కడ చినుకు పడకపోయినా ఎగువన గట్టిగా కురిస్తే నది ఉన్నట్టుండి పొంగుతుంది, రాత్రిపూట నిద్రలో ఉంటే తెలియదు, పరుగెత్తి గట్టెక్కడం అమ్మ వల్ల కాదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి పైవరసలో టెంటు అడిగాను. మొదట కొంచెం నసిగాడు. "అమ్మగారికి నది పక్కనే కావాలన్నారని ఇదే ఉంచామండీ" అన్నాడు. పొద దగ్గరికి తీసుకెళ్ళి చూపించాక ఇంకేం మాట్లాడకుండా మార్చాడు. పైవరస నుంచి కూడా నది చప్పుడు చక్కగా వినిపించింది. ఆ కింది టెంటును మబ్బు ఉన్న రోజుల్లో ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగానే చెప్పి వచ్చాను.

చీకటి పడ్డాక క్యాంపు మధ్యలో నెగడు వేశారు. అందరం చుట్టూ కూర్చున్నాం. తర్వాత మేం టెంటుకు వచ్చేసరికి అక్కడ పనిచేసే అబ్బాయి ఒక ఇనుప కుంపటి నిండా నిప్పులు తెచ్చాడు. "అమ్మగారికి చలి కదక్కా, లోపల పెడతాను, పొద్దున్న తీసేస్తా" అన్నాడు. ప్రేమగానే తెచ్చాడు. నేను గుమ్మంలోనే ఆపాను. నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, రంగుండదు, వాసనుండదు, మూసిన టెంటులో నిద్రలోనే ప్రాణం తీస్తుంది, గాలికి తలుపు కొంచెం తెరిచి ఉంచాం కదా అని ధైర్యపడటానికి వీల్లేదు. పొగ రావట్లేదు కదక్కా అన్నాడు ఆ అబ్బాయి. పొగ లేకపోయినా ఆ గ్యాసు ఉంటుందని కూర్చోబెట్టి చెప్పాను, నువ్వు పడుకునే గదిలో కూడా పెట్టుకోవద్దు నాన్నా అని చెప్పాను. వింటున్నప్పుడు వాడి ముఖం మారింది, వాళ్ళ గదిలో రోజూ పెట్టుకుంటున్నారట. మర్నాడు మేనేజరుకు కూడా చెప్పాను. ఇది చదివేవాళ్ళు దయచేసి ఈ ఒక్కటి మాత్రం మర్చిపోకండి: టెంటులోకి కుంపటి గానీ, బొగ్గుల పొయ్యి గానీ, గ్యాసు స్టవ్వు గానీ రానివ్వకండి. పైకి గొట్టం ఉన్న, సరిగ్గా బిగించిన కట్టెల పొయ్యి సంగతి వేరు, అదున్న చోట కూడా మోనాక్సైడ్ అలారం ఉందా అని అడగాలి.

ఇంకో చిన్న పేచీ కిటికీల దగ్గర వచ్చింది. కాన్వాస్ గోడ పైభాగంలో జాలీ కిటికీలుంటాయి, అమ్మ వాటన్నిటినీ జిప్పు వేసి మూసేయమంది. అన్నీ మూస్తే తేమ లోపలే ఉండిపోయి పక్కబట్టలు చెమ్మగిల్లుతాయి, చెమ్మ బట్టల్లో చలి ఇంకా ఎక్కువ. గాలికి ఎదురుగా ఉన్నవి మూసి, అవతలి వైపున్న రెండు కిటికీల్ని బెత్తెడు మేర తెరిచి ఉంచాను. పరుపు వేడెక్కడానికి ముందుగానే ఎలక్ట్రిక్ దుప్పటి వేసి, అమ్మ పడుకునేముందు ఆపేసి, పాదాల దగ్గర వేడినీళ్ళ సంచి పెట్టాను. అమ్మ కాసేపటికి టోపీ కూడా తీసేసింది.

అంతకన్నా ముందు నక్షత్రాలు. మబ్బు రాత్రి ఎనిమిది దాటాక విడిపోయింది. డెక్ మీద కుర్చీ వేసి అమ్మను రగ్గులో చుట్టి కూర్చోబెట్టాం. లైట్ల దండలు వెలుగుతుంటే ఏమీ కనపడట్లేదు, పక్క టెంటులవాళ్ళను అడిగితే వాళ్ళూ సంతోషంగా ఆర్పేశారు. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఆలోపు ఎవరైనా ఫోను వెలిగిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్ర లైటుకు ఆ ఇబ్బంది తక్కువ, మెట్ల దగ్గర దాన్నే వాడాం. మొదట పెద్ద చుక్కలు, తర్వాత వాటి మధ్య సన్నవి, ఆ తర్వాత పాలపుంత మసకగా ఒక పట్టీలా. "అదిగో పిల్లలకోడి" అంది అమ్మ, చెయ్యి చాపి. కృత్తికల్ని అమ్మ అలాగే అంటుంది. మా అమ్మాయి లెక్కపెడతానని కూర్చుంది. మామూలు కంటికి ఆరు కనిపించడం పరిపాటి, తను ఏడు అంది, ఎనిమిదోది ఉందో లేదో తేల్చుకోలేక చాలాసేపు మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. అమ్మ తన చిన్నప్పటి డాబా గురించి, అక్కడ వాళ్ళ నాన్న చుక్కలు చూపించడం గురించి చెప్పుకుంటూ పోయింది. అవేవీ నాకు అంతకుముందు తెలియవు.

పొద్దున టెంటు బయట తాడు మీద మంచు బిందువులు వరసగా ఉన్నాయి, లోపల మాత్రం పక్కబట్టలు పొడిగానే ఉన్నాయి. కాన్వాస్ తడిగా ఉన్నప్పుడు లోపలివైపు చేత్తో రుద్దకూడదు, రుద్దిన చోట నీళ్ళు దిగే అవకాశం ఉంది, పిల్లలకు ముందే చెప్పి ఉంచితే మంచిది. తినేవి ఏవీ టెంటులో ఉంచుకోవద్దని కూడా అక్కడివాళ్ళు చెప్పారు, బిస్కెట్ వాసనకు కూడా జంతువులు వస్తాయి. బాత్రూము నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగితే నదికి దూరంగా ఉన్న సెప్టిక్ ట్యాంకు చూపించారు. వెళ్ళిన చోట మన ఆనవాలు మిగల్చకూడదనే లీవ్ నో ట్రేస్ పద్ధతి ప్రకారం ఆరుబయట కాలకృత్యాలకైనా, గిన్నెలు కడగడానికైనా నీటికి కనీసం 200 అడుగులు, అంటే అరవై మీటర్లు ఎడం ఉండాలి. అంత అందమైన నదిలోకి మన మురుగు పోతుంటే అక్కడ ఎంత మెత్తటి పరుపు వేసినా నాకు నిద్ర పట్టదు.

అమ్మ ఇంటికి రాగానే పిన్నికి ఫోను చేసి అంతా చెప్పింది, ఇప్పుడు పిన్ని కూడా వస్తానంటోంది. ఆవిడది వీల్‌చైరు. మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టాను. ఒకచోట ర్యాంపు ఉందన్నారు, దాని వాలు ఎంతో, బాత్రూము తలుపు వెడల్పు ఎంతో టేపు పెట్టి కొలిచి ఫొటో పంపమన్నాను, ఇంకా రాలేదు. మీలో ఎవరైనా వీల్‌చైరుతో ఇలాంటి చోటికి వెళ్ళి ఉంటే, ఆ తలుపు దగ్గర ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.